ఇద్దరు వదినలు, ఒక తాడు

చర్చి సంఘంలో కుర్రకారు ఆమెకు పెట్టిన పేరు జాగ్రత్తమ్మ. ఎవరైనా తుమ్మితే ఆమెకు న్యుమోనియా కనిపిస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తే ఆసుపత్రి మంచం కనిపిస్తుంది. అలాంటి మనిషి సేవకు వెళ్లే బస్సులో ముందు సీట్లో కూర్చునేసరికి పాస్టరు గారే నివ్వెరపోయారు. నిజానికి ఆమె వచ్చింది సేవకు కాదు, కూతురికి కాపలాకు.

వెళ్లిన చోట పని, ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంటికి తుప్పుపట్టిన రేకులు తీసి కొత్తవి బిగించడం. పాత రేకులు బరువు మొయ్యవు, సన్నగా ఉన్నవాళ్లే ఎక్కాలన్నాడు మేస్త్రీ. జట్టులో అందరికన్నా సన్నగా ఉన్నది జాగ్రత్తమ్మ కూతురే. ఆ మాట వినగానే తల్లి నిచ్చెన మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అయితే కూతురు నిచ్చెన మీద కాలు పెట్టేలోపే ఇంటావిడ వచ్చి దానికి అడ్డంగా చతికిలబడింది. నా కప్పు కారితే కారనీ, ఈ పిల్ల పడితే ఆ పాపం నేనెక్కడ మొయ్యను, మీరంతా వెళ్లిపోండి అంది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆవిడ భక్తిగా ఆమెన్ అంది గానీ లేవలేదు. ఏం కాదమ్మా, నేనున్నాగా అన్నాడు మేస్త్రీ. ఏం కాదంటేనే నాకు ఎక్కువ భయమని ఆవిడ ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

జాగ్రత్తమ్మకు లోలోపల పండగే. ఆవిడ కడుపు చల్లగుండాలనుకుంటూ, మంచినీళ్లు తెచ్చిద్దామని లోపలికెళ్లి అక్కడే నిలబడిపోయింది. నేలంతా గిన్నెలు, బకెట్లు. మంచాన్ని తడవని ఒకే ఒక్క మూలకు జరిపారు, అయినా కాళ్లు చాపుకునే చోట ఒక సత్తుగిన్నె పెట్టి ఉంది. వానాకాలమంతా ఈ మనిషి ముడుచుకునే పడుకుంటోందన్నమాట.

గ్లాసుతో బయటికొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. గ్లాసు ఆవిడ చేతిలో పెట్టింది.

"పడొచ్చు వదినా," అంది. "రేకు విరగొచ్చు, నిచ్చెన జారొచ్చు. ఎక్కేది నా కూతురే. నాకూ కాళ్లు వణుకుతున్నాయి."

పాస్టరు గారు గట్టిగా దగ్గారు. ఇంటావిడ మాత్రం మొదటిసారి తలెత్తి చూసింది.

"కందిరీగలు కూడా ఉండొచ్చు," అంది.

"అవునమ్మో, అది నాకు తోచనే లేదు."

ఇక ఇద్దరూ మొదలుపెట్టారు. ఒకరు భయం చెప్పడం, ఇంకొకరు దానికి విరుగుడు చెప్పడం. రేకు విరుగుతుందంటే అడ్డంగా చెక్క వేయించారు. నిచ్చెన జారుతుందంటే కింద పాస్టరు గారిని నిలబెట్టారు. గోడ పొడుగునా వీధిలోవాళ్ల పరుపులు పరిపించారు. పిల్ల నడుముకు తాడు కట్టించి, రెండో కొస కిటికీ ఊచలకు ముడి వేయించి, ఆ ముడి మీద నమ్మకం లేక తామూ పట్టుకున్నారు.

"అమ్మా, నేను మనిషినా మేకనా?" అంది పైనుంచి కూతురు.

"మేకవైతే మాకీ భయమెందుకే, మేకలు పడవు," అంది ఇంటావిడ.

జాగ్రత్తమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వుకు తాడు ఊగింది, పైనుంచి కూతురు కసిరింది, దాంతో ఇద్దరికీ నవ్వు ఇంకా ఎక్కువైంది. మధ్యాహ్నమంతా తాడు వదల్లేదు, కబుర్లూ ఆపలేదు. చీకటి పడితే భయం, ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఎవరికి చెప్పినా విసుక్కునే సంగతులన్నీ ఆవిడ ఊఁ కొడుతూ వింటుంటే జాగ్రత్తమ్మకు ప్రాణం లేచొచ్చినట్టుంది. కూతురు ఎప్పుడు దిగి ఎదురుగా నిలబడిందో కూడా చూసుకోలేదు.

కొత్త కప్పు మీద కుర్రాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరించారు. లోపల ఇద్దరూ మంచం మీద కూర్చుని మెడలు వెనక్కి వాల్చి చూశారు. చుక్క రాలేదు. ఇంటావిడ కాళ్లు బారగా చాపింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఇంకా వీధి మలుపు తిరగలేదు, ఫోన్ మోగింది.

"డ్రైవరు రాత్రి సరిగ్గా నిద్రపోయాడో లేదో కనుక్కున్నావా వదినా?"

"ఎక్కేముందే అడిగాను. కళ్లు కూడా చూశాను."

"మరి టైర్లు?"

తన గురించి ఇంతగా భయపడే మనిషి జాగ్రత్తమ్మకు ఇన్నాళ్లూ దొరకలేదు. కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ లేచి, బస్సు పక్కకు ఆపమంది.