వెండిమన్ను నేల

కృపావతికి ఆ పొద్దున మంచం దిగబుద్ధి కాలేదు. అరవై ఏడేళ్ళ మోకాళ్ళు ఎటూ చెప్పిన మాట వినవు. వాటికి తోడు మూడు రాత్రులుగా నిద్ర లేదు. ఎలాగో లేచి, పక్కన పడుకున్న మనవరాలు జాయిస్‌కు దుప్పటి కప్పింది.

పిల్ల ఒకటో తరగతి. ఒక్క అక్షరం బుర్రలో నిలవదు, కడుపునొప్పి తగ్గదు. నందిగామలో రక్తం తీసి పంపిస్తే అందులో సీసం ఉందని రిపోర్టు వచ్చింది. ఏడాదిగా మొద్దు మొహమని పిల్లను తిట్టిన కృపావతికి అప్పట్నుంచీ దాని మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది. ఆ వెనకే నవీన్‌బాబు అని భూగర్భ సర్వే ఆఫీసరొకాయన వచ్చాడు. సీసం పట్టే ఇస్త్రీపెట్టెంత యంత్రాన్ని గోడకు ఆనించాడు, నీళ్ళ బిందెకు ఆనించాడు. ఏమీ లేదు. నేలకు ఆనించేసరికి అంకె ఎగిరింది. ఈ మన్ను ఎక్కడిదని అడిగాడు.

ఎక్కడిదేమిటి, పేట వెనక గుట్టది. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా పలకలు పలకలుగా నాపరాయే. ఆ ఒక్క గుట్టలో మాత్రం పలకల చీలికలో తెల్లటి పలుగురాయి చార ఉంది. ఆ చారలో మెరిసే నల్లరాయి. సీసం, అందులో చిటికెడు వెండి. కోట్ల ఏళ్ళ కిందట లోపలి వేడినీళ్ళు ఆ చీలికల్లోకి ఎక్కి దాన్ని వదిలిపెట్టాయని నవీన్‌బాబు చెప్పాడు. ఏ రాజుల కాలంలోనో ఎవరో కాస్త తవ్వి మానేశారు. డెబ్భై ఆరులో ఒక కంపెనీ వచ్చి మళ్ళీ తవ్వింది. పదేళ్ళు తిరక్కుండానే చార దారమంత సన్నబడింది, అడుగున నీళ్ళు ఊరాయి. కంపెనీ మోటార్లు ఊడదీసుకుని చెప్పాపెట్టకుండా పోయింది.

ఉన్నన్నాళ్ళూ కృపావతి అక్కడ రాళ్ళు ఏరింది. కొట్టిన రాయిని అరచేతిలో ఎత్తి చూడటం ఆడవాళ్ళ పని. ఉన్న సైజుకు మించి బరువు తూగితే సీసం, లేకపోతే అవతల పారెయ్యడం. ఆమె చెయ్యి ఎప్పుడూ తప్పేది కాదు. ఏరిన రాయిని దంచి కడిగితే తొట్టి అడుగున మెత్తటి బూడిదరంగు మన్ను మిగిలేది. ఎండితే తళుకులు. వెండిమన్ను అనేవాళ్ళు. పేడతో కలిపి నేల వేస్తే నున్నగా, చల్లగా ఉండేది, చెద దగ్గరికొచ్చేది కాదు. కృపావతి ముందు తన ఇంట్లో వేసుకుంది. చూసినవాళ్ళు ముచ్చటపడితే గంపలకెత్తి పేటంతా మోసింది. మనబోటి వాళ్ళకూ పాలరాతి మేడలొచ్చాయని మురిసిపోయింది, పిచ్చి మనిషి. ఇప్పుడు సగం ఇళ్ళకు టైల్స్ పడ్డాయి. మిగతా సగంలో ఆ నేలే.

నిన్న సాయంత్రం పేట పెద్ద బాలస్వామి వచ్చి కూర్చున్నాడు. హైవే పక్కన మన స్థలాలకు ఇప్పుడిప్పుడే రేటు వస్తోందని, విషం నేల అని పేరు పడితే మన పిల్లల్ని చేసుకోవడానికి కూడా ఎవరూ రారని, ఆఫీసరుకు నీ ఇల్లొక్కటి చూపించి ఊరుకోమని మెత్తగానే చెప్పాడు. కృపావతి ఊ కొట్టింది. నిజానికి ఆమెకు స్థలాల రేట్ల మీద బెంగేమీ లేదు. బెంగంతా జయమణి గురించి.

జయమణి గనిలో పక్కనే కూర్చుని రాళ్ళు ఏరిన మనిషి. ఆమె పెద్దకొడుకు రూబెన్ మూడేళ్ళప్పుడు ఫిట్స్ వచ్చి పోయాడు. గాలి సోకిందన్నారు. ఆ పసివాడికి ఆఖరి స్నానం చేయించింది కృపావతే. ఈ నలభై ఏళ్ళలో ఆ పేరు ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పుడు అదే ఇంట్లో, అదే నేల మీద జయమణి రెండో కొడుకు రవితేజ కూతురు పాకుతోంది. నిజం చెబితే జయమణి దూరమవుతుంది. చెప్పకపోతే ఆ పాప ఏమవుతుందో తెలుసు.

తొమ్మిదింటికి నవీన్‌బాబు వచ్చాడు. ఇంకా ఎవరిళ్ళలోనైనా ఈ నేల ఉందా మామ్మగారూ అని అడిగాడు. కృపావతి చెప్పులేసుకుంది.

"రండి బాబూ. అన్నిటికీ మోసింది నేనే."

అరుగు మీంచి బాలస్వామి పిలిచినా తల తిప్పలేదు. తిన్నగా జయమణి ఇంటికే వెళ్ళింది.

జయమణి మంచం పక్కన కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పాప బోర్లాపడి నేలను తడుముతూ, ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటోంది. కృపావతి ఎదురుగా చతికిలబడింది. నవీన్‌బాబు నేలకు ఆనించిన యంత్రం ఇక్కడా పెద్ద అంకే చూపించింది. ఆఫీసరును చెప్పనివ్వచ్చు, కానీ మనసు ఒప్పుకోలేదు.

"జయా, ఇది విషమంట. నేను తెచ్చి వేసిన మన్నే. జాయిస్ ఒంట్లోనూ ఇదే ఉంది. అప్పుడు నాకు తెలీదే."

జయమణి చేతులాగాయి. నవీన్‌బాబు వైపు తిరిగి అడిగింది.

"దీనివల్ల పిల్లలకు ఫిట్స్ వస్తాయాండి?"

ఎప్పటి సంగతో ఇప్పుడు తేల్చి చెప్పలేనని, రావడానికైతే వస్తాయని అతను నసిగాడు.

"ఒళ్ళు కాలితే, నీ నేల చల్లగా ఉంటుందని వాణ్ణి ఇక్కడే పడుకోబెట్టేదాన్నక్కా," అంది జయమణి.

కృపావతికి ఏడుపు కూడా రాలేదు. లేద్దామంటే మోకాళ్ళు సహకరించలేదు. జయమణి పాపను చంకనేసుకుంది. నోట్లోంచి వేళ్ళు తీసి, ఒక్కో వేలూ కొంగుతో తుడిచింది. తుడిచిన వేలే మళ్ళీ తుడిచింది.

"లే అక్కా, ఆ నేల మీద కూర్చోకు," అంది మొహం చూడకుండా.

చెయ్యి మాత్రం అందించలేదు.