ఎడమకాలి డ్యూటీ

“గేటు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం దొరికింది కదా, ఇంకేం కావాలంట ఆయనకి? సంతకం పెట్టించు, ఫైలు మూసెయ్!” అని మేడం బల్ల మీద చరిచింది.

“ఆయనకి క్రేన్ కావాలి మేడం.”

“మరి ఫారంలో ‘ఏదైనా’ అని రాసిందెవరు? మా తాతా?”

మేడం ఎదురుగా నిలబడ్డది పేచీ. క్లాసంతా ఆ పిల్లని పేచీ అనే పిలుస్తారు, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఈసారి పేచీ పెట్టుకోడానికి సందు లేదు. రాసింది తనే.

యూనివర్సిటీలో చదివేది పునరావాస కౌన్సెలింగ్, ఎమ్మే రెండో ఏడు. దెబ్బతిన్న మనుషుల్ని మళ్ళీ పనిలో నిలబెట్టే చదువు. పదిమందికి పని చూపించి పది ఫైళ్ళు మూస్తేనే డిగ్రీ. ‘మీకు ఏ పని కావాలి?’ అన్న గడిలో ఎదుటిమనిషి నోటిమాటే రాయాలి. ఎక్కడ! హడావిడిలో పేచీ ఎవర్నీ అడక్కుండా పదింటిలోనూ ‘ఏదైనా’ అని రాసి పారేసింది. తొమ్మిది మూతపడ్డాయి. పదోది క్రేన్ బాబాయ్‌ది.

ఇనుప దూలం జారి బాబాయ్ ఎడమకాలు మోకాలి కిందకి పోయి ఏడాదిన్నర. పోయిన కాలు మాత్రం డ్యూటీ మానలేదు. పొద్దున్నే పిన్ని దానికి మేజోడు తొడిగి, బూటు లేసు కట్టి, తలుపు తీస్తుంది. అది టకటకా ఆయన పనిచేసిన యార్డుకి పోతుంది. నాలుగు రోడ్ల దగ్గర పోలీసు బండ్లాపి దాన్ని దాటిస్తాడు. సాయంత్రం బురదతో వస్తే పిన్ని కడుగుతూ సణుగుతుంది. “మనిషేమో ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాడు, కాలికేమో ఒక్కరోజు సెలవుండదు!”

ఆ సాయంత్రమే పేచీ వాళ్ళింటికెళ్ళింది. “బాబాయ్, తప్పు నాది. నిన్ను అడక్కుండా రాశా. ఇప్పుడు చెప్పు.”

“ఇరవై రెండేళ్ళు అంత ఎత్తున కూర్చున్నోణ్ణే. గేటు దగ్గర స్టూలేసి కూర్చోమంటావా? పెట్టుడుకాలితో నిచ్చెన ఎక్కేస్తా. తంటా అంతా ఎడమకాలితో నొక్కే బ్రేకుతోనే. ఎంత నొక్కిందో పెట్టుడుకాలికి తెలీదు.”

“రోజుకి ఎన్నిసార్లు నొక్కాలి?”

“ఎవడు లెక్కపెట్టాడు? నన్నడుగుతావేంటి, పనికెళ్ళేదాన్నడుగు,” అని గుమ్మం పక్కనున్న బూటు వైపు గడ్డం చూపించాడు.

మర్నాడు పేచీ ఆ కాలి వెనకే నడిచింది. దాని వెనకే క్రేన్ నిచ్చెనెక్కింది. కొత్త డ్రైవరు కాస్త జరిగి చోటిచ్చాడు. “ఇదొచ్చాక నా ఎడమకాలికి పనే లేదక్కా. చాపుకుని కూర్చుంటా.” పేచీ అది నొక్కినప్పుడల్లా కాగితం మీద ఒక గీత పెట్టుకుంది. షిఫ్టు మొత్తం మీద కాలు బ్రేకు నొక్కింది పదకొండు సార్లు. అంతే!

యార్డు మెకానిక్ ఆ కాగితం చూసి నవ్వాడు. “పదకొండు సార్లకి కాలెందుకమ్మా? ఖాళీగా పడున్న రెండో క్రేనుకి చేతిబ్రేకు బిగిస్తే పోలా? పూట పని.”

పేచీ ఫారంలో ‘ఏదైనా’ కొట్టేసి ‘క్రేన్. అదొక్కటే’ అని రాసింది.

“కొట్టివేతలుంటే కమిటీ వెనక్కి పంపుద్ది. డిగ్రీ ఆగిపోద్ది,” అంది మేడం.

“ఆగనీండి. ఆయన ఆగినన్నాళ్ళు ఆగదులెండి.”

యార్డు మేనేజరు రూలు ఒప్పుకోదన్నాడు. ఏ రూలో చూపించమంది పేచీ. మూడ్రోజులు వెతికాడు పాపం, దొరకలేదు. రోజూ పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చునేది. “దొరికిందా సార్?” నాలుగో రోజు విసుగొచ్చి, “బిగించి చావండి!” అన్నాడు.

బాబాయ్ పెట్టుడుకాలితో రెండో క్రేను నిచ్చెనెక్కాడు. ముందు పోయిన కాలెక్కింది, వెనక ఆయన. పైపుల కట్ట గాల్లోకి లేచింది, తిరిగింది. బాబాయ్ చేతిబ్రేకు లాగాడు. నిద్రపోయిన పసిపిల్లని పక్కమీద దించినట్టు, కట్ట లారీలోకి దిగింది. కింద పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. బ్రేకు పెడల్ పక్కనే నిలబడ్డ కాలు కాసేపు చూసి, వెనక్కి తిరిగి ఒక్కటే నిచ్చెన దిగిపోయింది.

మర్నాడది యార్డుకి పోలేదు. తిన్నగా యూనివర్సిటీకొచ్చింది. మేడం గదిలో మూసేసిన ఫైళ్ళ బీరువాని ధనాధనా తన్నడం మొదలెట్టింది. మేడం టీ గ్లాసు దించి, చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన పేచీ వైపు చూసింది.

“ఆ తొమ్మిదీ తెరిచావంటే ఈ ఏడు నీకు డిగ్రీ లేనట్టే,” అంటూనే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

పేచీ అటూ ఇటూ చూడలేదు. బీరువా తెరిచింది. కాలు తన్నడం ఆపింది. మొదటి ఫైలు చూపు మందగించిన టైలరక్కది. కవర్లు అంటించే పనిలో పెట్టి మూసేసిన ఫైలు. పేచీ ఫోను కలిపింది.

“అక్కా, నేనే. అప్పుడు నిన్ను అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. నీకు ఏ పని కావాలి?”

అవతల కవర్ల కట్ట పక్కకి నెట్టిన చప్పుడు. వెంటనే, “ఎన్నాళ్ళకడిగావే తల్లీ! రాసుకో,” అన్న మాట.

పేచీ కలం మూత తీసింది.

అది సరేగానీ, మీ ఫారంలో ‘ఏదైనా’ అని రాసిందెవరు?