తుత్తం వెయ్యని జిగురు

పొయ్యి మీద మైదాపిండి బుడబుడ ఉడుకుతుంటే, అడుగంటకుండా అబ్రహాం కర్రతో తిప్పుతున్నాడు. సూర్యాపేట బస్టాండు వెనక రేకుల కొట్టులో పటాలు కట్టడం అతని పని. జిగురు చిక్కబడగానే చిటికెడు మైలుతుత్తం వేయడం ఏళ్ళ అలవాటు. అది పడితే జిగురు లేత నీలంగా మారుతుంది. చెదలు, పురుగులు పటం జోలికి రావు. ఆ ఉదయం అతని చెయ్యి తుత్తం పొట్లం దాకా పోయి ఆగింది. తెల్ల జిగురునే డబ్బాలోకి వంపి మూత బిగించాడు.

పని కోదాడలో, బియ్యం మిల్లు బ్రహ్మయ్య ఇంట్లో.

అబ్రహాం బక్కమనిషి. నాలుగడుగులు వేస్తే ఎగపోస్తాడు. గోళ్ళ సందున ఎండిన జిగురు ఎంత తోమినా పోదు. పెళ్ళి చేసుకోలేదు. ఊరివాళ్ళ పెళ్ళి ఫోటోలకు, దేవుళ్ళకు, పోయిన పెద్దలకు చట్రాలు బిగిస్తూనే యాభై దాటాడు. తమ్ముడు దావీదు బ్రహ్మయ్య మిల్లులో పనిచేస్తూ, తిరిగే బెల్టు లాగేస్తే చనిపోయాడు. బెల్టుకు అడ్డు కంచె లేదు. మిల్లు మీదికి మాట రాకుండా, వాడు కల్లు తాగి వచ్చాడని బ్రహ్మయ్య పోలీసులకు చెప్పాడు. దావీదు కల్లు ముట్టి ఎరగడు. తాగుబోతోడి తల్లి అంటారని వాళ్ళమ్మ చర్చికి పోవడం మానేసింది. ఆ దిగులుతోనే పోయింది. తర్వాత సాగర్ కాలవ నీళ్ళు వచ్చాయి. బ్రహ్మయ్య మిర్యాలగూడలో రెండో మిల్లు పెట్టాడు. అబ్రహాం మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

బ్రహ్మయ్య ఇంటి వసారాలో చెక్క తక్తా మీద బొమ్మ పరిచి ఉంది. బొంబాయి నుంచి అల్లుడు తెచ్చిన జిగ్‌సా పజిల్. మంచమంత పొడుగున మంచుకొండలు, కింద సరస్సు. వందల అట్టముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఎత్తితే విడిపోతాయి.

"ఒక్క ముక్క కదలొద్దు," అన్నాడు బ్రహ్మయ్య. "అన్ని నేనే కూర్చిన. హాల్ల నా కుర్చీ ఎనక పెట్టాలె. వచ్చినోళ్ళు నోరెళ్ళబెట్టాలె."

ఎదురుగా నిలబడ్డవాడి ముఖంలో దావీదు పోలిక ఆయనకు కనిపించనే లేదు. అబ్రహాం ఒళ్ళు మండింది.

"కదలనియ్య సేటూ," అన్నాడు.

బ్రహ్మయ్య మిల్లుకు వెళ్ళాక, అబ్రహాం బొమ్మ మీద ఇంకో చెక్క బోర్లించి, రెండు చెక్కలనూ తాళ్ళతో బిగించి, పాలేరు సాయంతో తిరగేశాడు. పై చెక్క తీస్తే బొమ్మ వీపు కనిపించింది. జిగురు డబ్బా మూత తీశాడు.

బ్రహ్మయ్య భార్య కన్యకమ్మ గడపలోంచి చూస్తోంది. "ఆయన కూర్చలేదు," అంది మెల్లగా. "వానకాలమంతా కూచొని నేను పెట్టిన." గడప దాటి దగ్గరికొచ్చి, "నువ్వు దావీదుకు అన్నవి కదా?" అంది.

అబ్రహాం చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"ఆ పొద్దు వాడికి సద్ది నేనే పోసిన. వాడు తాగలేదు. ఆయన తాగిండని చెప్తుంటే పక్కనే ఉన్న. నోరు మెదపలేదు."

"గిప్పుడు చెప్తే ఏం లాభమమ్మా? మా అమ్మ పాయె."

ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. "తుత్తం వెయ్యలేదేం?"

అతను తలెత్తలేదు. ఆమె లోపలికి వెళ్ళింది. బ్రహ్మయ్యను పిలిపిస్తుందేమో అనుకున్నాడు. ఆమె మోదుగాకులో బెల్లంముక్క తెచ్చి డబ్బా పక్కన పెట్టింది.

"ఆకలి లేదమ్మా."

"తినడానికి కాదు. అందులో కలుపు."

అబ్రహాం మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. బెల్లం చిదిపి జిగురులో కలిపాడు. సందు వదలకుండా పూశాడు, గుడ్డ పరిచాడు, పైన రాళ్ళు పెట్టాడు. ఎండలో అది ఆరాక టేకు చట్రం, అద్దం బిగించాడు. అంత నున్నటి పని అతని చేతుల మీద ఎన్నడూ సాగలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మునగాల దాటాక రొమ్ము పట్టేసినట్టయింది. తల కిటికీ ఊచకు ఆనించాడు. సూర్యాపేటలో అందరూ దిగాక, నిద్రపోతున్నాడనుకుని కండక్టరు భుజం తట్టాడు. అతను లేవలేదు.

వానలు ముదిరాక బ్రహ్మయ్య ఇంటికి మిర్యాలగూడ నుంచి వియ్యంకులు వచ్చారు. బొమ్మ చూపిద్దామని ఆయన దీపం పైకెత్తాడు. అద్దం వెనక కొండలు కుంగి ఉన్నాయి. అద్దం మీద వేలితో తడితే సరస్సు మొత్తం జారి రాలింది.

"తాగొచ్చి చేసిండు లంజకొడుకు! పిలువుండ్రి ఆ తాగుబోతును!"

"చచ్చిపోయిండు, పటం కట్టిన రోజే, బస్సులో," అంది కన్యకమ్మ, కాఫీ గ్లాసుల పళ్ళెం కింద పెట్టి. "ఆయన తాగలేదు. ఆయన తమ్ముడు దావీదు, మన మిల్లులో పోయినోడు, వాడూ తాగలేదు. అబద్ధం చెప్పింది మీరు."

వియ్యంకులు తలలు వంచుకున్నారు. బ్రహ్మయ్య ఎత్తిన దీపం కిందికి దించాడు.

గోడకు టేకు చట్రం వేలాడుతూనే ఉంది. అద్దం వెనక చెదలు కట్టిన ఎర్రమట్టి, అడుగున కుప్పగా రాలిన పొట్టు.