ఒకే సూది

మోటార్లకు వైండింగ్ చేసే ఆ షాపుకు ఆదివారం సెలవు. షట్టరు సగానికి దించి, వెనకగదిలో రిలే జట్టు నలుగురూ చేరారు. గదంతా వార్నిష్ వాసన. బల్ల మీది రాగితీగ చుట్టలను పక్కకు నెట్టి, షాపు యజమాని కొడుకు తన ఘనకార్యాన్ని అక్కడ పెట్టాడు. పాత టేప్‌రికార్డరులోంచి పీకిన చిన్న మోటారు, ఖాళీ పెన్ను గొట్టం, దాని మొనలో సూది. ఇంట్లో తయారైన పచ్చబొట్టు మిషను. వీణ్ణి జట్టులో అందరూ 'మోటారు' అనే పిలుస్తారు. లెక్కల పరీక్ష అంటే బోర్లాపడతాడు గానీ, ఇలాంటి పనికిమాలిన పనులకు వాడి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది.

పోటీలో గెలిచినందుకు గుర్తుగా నలుగురి మణికట్ల మీదా ఒకే పచ్చబొట్టు ఉండాలని కెప్టెన్ తీర్మానించాడు. అదీ ఒకే సూదితో. ఒకే సూది, ఒకే రక్తం, ఇక మనల్ని ఎవడు విడదీస్తాడో చూస్తానన్నాడు. కొత్త సూదుల పొట్లం బల్ల సొరుగులోనే ఉంది. మార్చడం క్షణంలో పని. కానీ మారిస్తే ప్రమాణం చెడుతుందట. పదహారేళ్ల వాళ్ల ప్రమాణాలకు పెద్దవాళ్లు నవ్వుతారు గానీ, ఆ గదిలో ఎవరికీ నవ్వులాటగా లేదు.

జట్టులో మూడో అంచె పరిగెత్తేది జింక. పరుగు చూసి పెట్టిన పేరది. పుట్టుకతోనే వాడి రక్తంలో హెచ్‌ఐవి ఉంది, అమ్మ నుంచి వచ్చింది. అమ్మ పోయాక పిన్ని పెంచింది. ఈ సంగతి పిన్నికీ, ఆస్పత్రిలో డాక్టరమ్మకూ తప్ప మూడో కంటికి తెలియదు. రోజూ మాత్ర వేసుకుంటాడు. అందుకే అందరిలాగే పరిగెడతాడు, అందరిలాగే మాస్టారి చేత చివాట్లు తింటాడు. మందు మానకపోతే నిక్షేపంగా బతకొచ్చని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. రక్తం తగిలిన సూదీ బ్లేడూ మాత్రం ఒకరివి ఒకరు వాడకూడదని కూడా చెప్పింది. పిన్ని చెప్పింది ఒక్కటే: "నోరు జారావో, ఈ ఇల్లు కూడా ఖాళీ చేయాల్సొస్తుంది."

తన వంతు చివర వస్తే సూది ఇంకెవరి దగ్గరకూ పోదు, పని కాగానే తనే విరిచి పారేయొచ్చు. జట్టూ నిలుస్తుంది, గుట్టూ నిలుస్తుంది. ఆ ఆశతోనే వచ్చాడు.

"ఆఖర్న నేను చేయించుకుంటాన్రా," అన్నాడు జింక.

"కుదరదు. పరుగులో ఏ వరసో ఇక్కడా అదే. ఆఖరు నాది," అన్నాడు కెప్టెన్.

మోటారు తన చేయి తనే పొడుచుకున్నాడు. తర్వాత నత్త కూర్చున్నాడు. పొద్దున్నే ఒక పట్టాన నిద్ర లేవడని వాడికా పేరు. జింకకు ప్రాణస్నేహితుడు, బళ్లో చేరినప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. సూది దిగినచోటల్లా నెత్తురు చుక్కలు పైకి తేలాయి. మోటారు వాటిని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డతోనే సూదినీ తుడిచాడు.

"కొత్త సూది పెట్టరా," అన్నాడు జింక, ఏదో మాటవరసకన్నట్టు.

కెప్టెన్ మొహం మాడింది. "ఏం, మాకేమైనా రోగాలున్నాయా?"

"అది కాదురా. మొన్న బళ్లో ఆరోగ్యశాఖ మేడం చెప్పిందిగా."

ముగ్గురూ విరగబడి నవ్వారు. ఆ మేడం వచ్చిన రోజు బడంతా ఇదే వరస. ఆమె ఎయిడ్స్ అనగానే వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. సైన్సు మాస్టారైతే బయట ఎవరి కొంపో మునుగుతున్నట్టు కిటికీలోంచి కళ్లు తిప్పలేదు. ఆమె పంచిన కాగితాలు సాయంత్రానికల్లా విమానాలై ఎగిరాయి.

"అది తిరుగుబోతులకొచ్చే జబ్బురా. మనకెందుకొస్తుంది?" అన్నాడు మోటారు.

"అయినా ఉన్నోడి మొహం చూస్తే తెలిసిపోదూ?" జింక మొహంలోకి చూస్తూనే అన్నాడు కెప్టెన్. "ఎండు చేపలా ఉంటాడు."

జింకకు ఒళ్లు మండింది. భయం దాన్ని మించిపోయింది. "నాకొద్దురా. పిన్ని చంపేస్తుంది," అని లేవబోయాడు.

"ఇంత పిరికోడివేంట్రా! నత్తా, పట్టుకోరా వీణ్ణి!"

నత్త నవ్వుతూ వెనక నుంచి భుజాలు పట్టాడు. కెప్టెన్ వాడి చేతిని బల్లకేసి అదిమాడు. వాళ్లకది ఆటే. మిషను గుర్రుమంది. ఈ సూది ముందు తన చేతిలో, ఆ తర్వాత కెప్టెన్ చేతిలో దిగుతుంది. ఊరుకుంటే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. గొంతుదాకా వచ్చిన మాటను మింగేద్దామనే చూశాడు జింక.

"నాకు హెచ్‌ఐవి ఉంది! వదలండ్రా!"

చేతులన్నీ ఒక్కసారే వదిలేశాయి. మిషను ఆగింది. నత్త తన అరచేతులు చూసుకుని ప్యాంటుకేసి రుద్దుకున్నాడు. అది చూసి జింక గుండె చెరువైంది.

"పుట్టుకతో వచ్చిందిరా. పట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు. సూదితోనే..."

"బయటికి నడు," అన్నాడు కెప్టెన్. "ఇన్నాళ్లు మాతో తిరిగి ఒక్క ముక్క చెప్పలేదు. నడువ్!"

జింక షట్టరు కింద నుంచి వంగి బయటపడ్డాడు. గుమ్మం మెట్టు మీదే కూలబడ్డాడు. వాడు తాగిన నీళ్ల సీసా వచ్చి రోడ్డు మీద పడింది. వెనకాలే వాడు కూర్చున్న స్టూలూ వచ్చింది. లోపల థిన్నరు పోసి బల్ల కడుగుతున్నట్టు ఘాటు వాసన. కడగండి నాయనా, వాడి చేయి ఆనినంత మేరా బాగా కడగండి.

కడగడం అయ్యాక మిషను మళ్లీ మొదలైంది.

జింక వంగి చూశాడు. కెప్టెన్ చేయి చాపి కూర్చున్నాడు. మోటారు చేతిలోని మిషనుకు అదే సూది.

"సూది మార్చండ్రా! మీకు దండం పెడతా, సూది మార్చండి!"

"నీ రక్తం తగల్లేదుగా! మాకింకేం భయం?" లోపలి నుంచే అరిచాడు కెప్టెన్.

నత్త జింక సంచీని కొనవేళ్లతో పట్టుకుని వచ్చాడు. కాస్త దూరంలో పెట్టి వెనక్కి తిరగబోయాడు.

"మా అమ్మకు నేను పుట్టేదాకా తనకు ఉన్నట్టే తెలియదురా," అన్నాడు జింక. "ఇన్నేళ్లు నా పక్కన కూర్చున్నావు. మొహం చూస్తే నీకు తెలిసిందా?"

నత్త మణికట్టు చూసుకున్నాడు. మోటారు చేతిలోంచి వచ్చిన సూదే తన చేతిలోనూ దిగింది. ఆ సంగతి ఇప్పుడే తలకెక్కినట్టు వాడి మొహం పాలిపోయింది.

"నా మాట వినరురా. నువ్వు చెప్పు. కెప్టెన్‌కైనా మార్చమను. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరకు పోదాం. ఆలస్యం చేయకపోతే అంటకుండా ఆపే మందుంటుంది."

నత్త లోపలికి చూశాడు, జింక వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు నేను మార్చమంటే... నీకూ ఉందా అంటారురా."

వంగి లోపలికి పోయాడు. జింక షట్టరు కింద తల పెట్టి ఎదురుచూశాడు, వాడు నోరు తెరుస్తాడని. సూది కెప్టెన్ చేతిలో దిగుతోంది. కెప్టెన్ నొప్పికి మెలికలు తిరుగుతుంటే, నత్త వాడి భుజాలు గట్టిగా పట్టుకుని కదలొద్దంటున్నాడు.