ఒకటో బల్ల, అయిదో చుక్క

రెండో శనివారం పట్టపగలు ఫణిశంకర్‌కి చుక్కలు కనబడ్డాయి. చుక్కలు అనడం కూడా అతిశయోక్తే. కనబడింది ఒక్కటే చుక్క. అసలు బాధంతా అదే.

టెక్కలిలో గుమాస్తాగిరీ చేసుకుంటూ, సెలవు రోజుల్లో మూగబోయిన పాత రేడియోలకు గొంతు తెప్పించడం అతని సరదా. అలా బతికించిన వాటిని 'పాటకచేరి' అనే ఆన్‌లైను వేలం సైట్లో పెడతాడు. అక్కడ నలుమూలల వాళ్లూ పాట పాడతారు. అందరికన్నా ఎక్కువ పాడినవాడి ఇంటికి వెళ్లి రేడియో పాట పాడుతుంది. పాటకి పాట, చెల్లుకి చెల్లు! సరుకు చేరాక కొన్నవాళ్లు అమ్మినవాడికీ, అమ్మినవాడు కొన్నవాళ్లకీ చుక్కలు వేయాలి. ఒకటి నుంచి అయిదు దాకా ఎన్నయినా వేయొచ్చు. మొహం చూడని మనిషికి మొహం చూడని మనిషి సరుకు పంపే ఆ వ్యవహారమంతా ఆ చుక్కల మీదే నిలబడింది. ఫణిశంకర్ దృష్టిలో అదొక మహాద్భుతం.

"ఊరడగరు, పేరడగరు, గోత్రం అడగరు. అయినా ఎంత నమ్మకమో చూడు! ఇన్నేళ్ల సర్వీసులో మా ఆఫీసువాళ్లు నన్నిలా నమ్మారా?" అనేవాడు భార్య అనుపమతో.

"ఆఫీసువాళ్లు మిమ్మల్ని చూశారు కదండీ" అనేది అనుపమ. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. కూడికలు పిల్లలకి, తీసివేతలు మొగుడికి.

ఇప్పటిదాకా ఫణిశంకర్‌కి పడినవన్నీ అయిదులే. అందుకే సైటువాళ్లు అతని పేరు పక్కన 'గట్టి మనిషి' అని ఒక బిళ్ల తగిలించారు. నాలుగుకి తక్కువ ఒక్కటి పడినా ఆ బిళ్ల ఊడిపోతుంది. బిళ్ల ఉన్నవాళ్లకే ఏడాదికోసారి జరిగే పెద్దపాటలో చోటు. ఆ పెద్దపాట కోసమే అతను తన చేతిలో పడ్డ రేడియోలన్నింటిలోకీ గొప్పదాన్ని, ఎలుకలు కొరికిన తీగలన్నీ మార్చి, టేకు పెట్టె అద్దంలా మెరిసేదాకా రుద్ది, సిద్ధం చేసి ఉంచాడు. రేపే అది పాటకెక్కాలి.

సరిగ్గా ఇవాళ పొద్దున్న, పలాసలో లక్ష్మీకుమారి అనే ఆవిడ, అతని దగ్గర కొన్న రేడియోకి ఒక్క చుక్క వేసింది. మాటా పలుకూ లేదు, వ్యాఖ్య రాసే చోటు బోడిగా ఉంది. బిళ్ల ఊడింది.

కోపం వచ్చినప్పుడు వేలు ఊరుకుంటుందా, అందులోనూ వేలంలో పెట్టిన వేలు! అమ్మకందారుగా తనకున్న హక్కుకొద్దీ ఫణిశంకర్ కూడా ఆవిడకి ఒక్క చుక్క కొట్టి పడేశాడు. తనూ ఏమీ రాయలేదు.

అనుపమ ఫోను లాక్కుని చూసింది.

"ప్రశ్న చదవకుండానే జవాబు రాసీసినారా? మా క్లాసులో అయితే సున్నా" అంది. "మార్చుకోడానికి సాయంత్రం దాకా గడువుందట. పలాస ఏమైనా పరదేశమేటి? బస్సెక్కి వెళ్లి అడగండి."

బస్సు నందిగాం దాటేదాకా ఫణిశంకర్ దెబ్బలాటకి డైలాగులు కట్టుకున్నాడు. దాటాక బతిమాలడానికి కట్టుకున్నాడు. పలాసలో దిగి, కాలిన జీడిపిక్కల కమురు వాసన ముక్కుకి తగిలేసరికి రెండూ మర్చిపోయాడు.

లక్ష్మీకుమారి చిరునామా తీరా చూస్తే జీడిపప్పు ఫ్యాక్టరీ. గుమ్మంలోనే కొంగు బిగించిన ఒక పెద్దావిడ ఎదురైంది. పప్పు ఏరే ఆడవాళ్లందరికీ మేస్త్రీ. పేరు బుచ్చమ్మ.

"ఎవులు బాబూ?"

"టెక్కలి నుంచి వచ్చానండీ. రేడియో అమ్మింది నేనే…"

మాట పూర్తికాకుండానే బుచ్చమ్మ లోపలికి కేకేసింది. "అమ్మగోరూ! ఒకటి ఇచ్చిన బాబొచ్చినాడు!"

ఫణిశంకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒకటి ఇచ్చినవాడికి వీళ్లు తిరిగి ఎన్ని ఇస్తారో! పారిపోదామనుకునే లోపే హాల్లో ఉన్న ఆడవాళ్లంతా లేచి నిలబడి అతన్ని చూసి నవ్వారు. వాళ్ల నెత్తిమీద, ఎత్తయిన అరలో, అతని రేడియో ఉంది. దానికి బంతిపూల దండ వేసి ఉంది. దండ పడిందంటే రేడియో పోయిందనుకున్నాడు. పోలేదు, దండతోనే దర్జాగా పాడుతోంది.

కళ్లజోడు తాడుతో మెడలో వేలాడేసుకున్న లక్ష్మీకుమారి స్వయంగా కుర్చీ జరిపింది. ఉద్దానంలో జీడితోటలూ, పలాసలో ఈ ఫ్యాక్టరీ ఆవిడవే. అయినా వేళ్లకి జీడి మరకలున్నాయి.

"కూకో బాబూ. నీ రేడియో వొచ్చిన కాడ నుంచి ఈల్ల సేతులు ఎలగ ఆడతన్నాయో సూడు. సెల్లులో పాటలెట్టుకుంటే జీడి సేతుల్తో నొక్కి నొక్కి పాడైపోతన్నాయి. దీనికి ఆ బెంగ నేదు. అందుకే నీకు ఒకటి కట్టినాను."

"అందుకే… ఒకటా?"

"మరి? నువ్వూ నాకు ఒకటి కట్టినావు కదా! ఇందాకే సూసి ఎంత సంబరపడ్డానో! ఇన్నాల్ల నుంచి కొంతన్నాను గాని, నాకు ఒకటి కట్టినోడివి నువ్వొక్కడివే. మిగతావోలంతా అయిదులే. నానేటి పాపం సేసినాననీసి అందరూ నన్ను అయిదో బల్లకి తోసెత్తన్నారని ఏడుపొచ్చీది బాబూ."

ఫణిశంకర్ హాలుకేసి చూశాడు. వరసగా అయిదు బల్లలున్నాయి.

"ఆ బల్లలేమిటండీ?"

బుచ్చమ్మ అందుకుంది. "ఒకటో బల్ల నూటెనబై రకం. పౌనుకి, అంటే అరకేజీకి కాస్త తక్కువకి, నూటెనబై గింజలే తూగుతాయి, అంత లావు గింజ. రెండోది రెండొందల పది. అలగ గింజ సిన్నదవుతున్న కొద్దీ అంకె పెద్దదవుద్ది. అయిదో బల్ల మీద బద్దలూ, నూకాను. మా కాడ అంకె ఎంత సిన్నదైతే సరుకు అంత గొప్ప. సదూకున్నోడివి, తెలీదేటి?"

అందరూ కాలేసే పప్పు వేరు. ఫణిశంకర్ కాలేసింది పలాస జీడిపప్పులో, అదీ ఒకటో బల్ల మీది దాంట్లో.

ఇప్పుడేం చేయాలి? నోరు మూసుకుంటే బిళ్ల పోతుంది, పెద్దపాట పోతుంది. నోరు విప్పితే ఈ దండా, ఈ కుర్చీ, ఈ నవ్వులూ పోతాయి. ఒకటంటే తిట్టని చెప్పాక, మరి నువ్వు నాకిచ్చిన ఒకటేమిటని ఆవిడ అడక్కుండా ఉంటుందా? బిళ్ల పోతే పోయింది, లేచి బస్సెక్కేద్దామనే అనుకున్నాడు.

ఈలోగా లక్ష్మీకుమారి ఫోను తీసి చూపించింది. "ఈడు సూడు. పగిలిన లాంతరు అంపీసి, నువ్వే పగలగొట్టుకున్నావని నామీదే ఎగిరినాడు. ఆడిని అయిదో బల్లకి తోసీసినాను. ఈయన పాత గడియారాలు బాగుసేసే ముసలాయన. ఎంత పొందిగ్గా అంపినాడనీ! ఆయనకి ఒకటి."

ఫణిశంకర్ చూశాడు. లాంతరు దొంగ పేరు కింద ఆవిడ వేసిన అయిదు చుక్కలూ దీపావళిలా వెలుగుతున్నాయి. గడియారం ముసలాయన పేరు పక్కన బిళ్ల లేదు. తనలాగే ఆయనా ఎక్కడో తల పట్టుకుని కూర్చుని ఉంటాడు. కాకపోతే ఆయనకి పలాస బస్సు లేదు.

"అమ్మా" అన్నాడు గొంతు సవరించుకుని. "ఆ సైట్లో లెక్క మన బల్లల లెక్క కాదు. తిరగేసుంది. అక్కడ అయిదే గొప్ప. ఒకటంటే మన అయిదో బల్ల."

చేతులన్నీ ఆగాయి. రేడియో ఒక్కటే పాడుతోంది.

"అంటే, నీకు నాను…"

"నూక కట్టారమ్మా."

లక్ష్మీకుమారి కళ్లజోడు పెట్టుకుని అతన్ని పరీక్షగా చూసింది. "మరి నువ్వు నాకు కట్టిందేటి?"

ఫణిశంకర్ సాయం కోసం రేడియోకేసి చూశాడు. సమయానికి అదీ పాట ఆపి పళ్లపొడి ప్రకటన మొదలెట్టింది.

"కోపంలో, అమ్మా… నేనూ నూకే కట్టాను."

"ఓలమ్మో!" అంది బుచ్చమ్మ. "మా అమ్మగోరిని నూకల్లో కలిపీసినావేటి!"

లక్ష్మీకుమారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు ఫణిశంకర్. నవ్వుతోంది.

"నాను సరుకు సూసి కట్టినాను బాబూ. నా అంకె తిరగబడింది గాని సూపు తిరగబడనేదు. నువ్వు నన్ను సూడకుండానే కట్టీసినావు. టిన్ను మూత తియ్యకుండా గ్రేడు కట్టినోడిని మా పలాసలో ఏటంటారో తెలుసా?"

"తెలీదమ్మా."

"తెలవకపోడవే మంచిది."

అతను నెమ్మదిగా ఆవిడ ఫోనునే ఆవిడ ముందుకి జరిపాడు. "ఇక్కడ అయిదు నొక్కేస్తే సరిపోతుందమ్మా."

"ఆగు. బుచ్చమ్మా, గ్రేడు తప్పిన టిన్నుని ఏటి సేత్తాం?"

"టిన్ను మీద సీటీ మార్చం అమ్మగోరూ. బల్ల మీద తిరగబోసి, మొదట్నుంచీ ఏరతాం."

"అదీ!" అని ఆవిడ ఫోనుని బల్లమీద బోర్లించినంత పని చేసింది.

అక్కణ్ణుంచి ఫణిశంకర్ నోరు వెళ్లబెట్టుకుని చూడటమే. కొన్న వస్తువులన్నీ ఆవిడ తన గదిలోంచి తెప్పించింది. ఒక్కొక్కటీ మళ్లీ చేత్తో పట్టి, వెలుగులో తిప్పి, అప్పుడు చుక్కలు చెప్పింది. అతను నొక్కాడు. గడువు దాటినవాటికి చుక్కలు మార్చడానికి లేదు, కింద ఒక మాట చేర్చొచ్చు, అంతే. వాటన్నింటికీ చేర్పించింది. అంతటితో ఆగక గడియారం ముసలాయనకి ఫోను చేసింది.

"బాబూ, నాను పలాస నుంచి. అంకె తిరగేసి మీకు అన్యాయం సేసినాను. తప్పు నాదే. మీ కింద రాసినాను, సూసుకోండి. మీ గడియారం మా ఆపీసులో నిమిషం తప్పట్నేదు."

నీళ్లు నమలలేదు, జీడిపాకంలా సాగదీయలేదు. గింజలోంచి పొట్టు ఊదేసినట్టు తప్పుని ఒక్క ఊపున ఊదేసింది. ఇన్నాళ్లూ చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఫణిశంకర్‌కి మొదటిసారి ఆకాశం కనబడింది.

అతని వంతు చివర్న వచ్చింది. ఆవిడ రేడియో దింపించి, మరలు తిప్పి చూసి, వెనకవైపు వేలితో తడిమి, చెవి ఆనించి ఒక పాట పూర్తిగా విన్నది.

"పాటకి అయిదు. పేకింగుకి అయిదు, ఒక్క గీత పడనేదు. మనిషికి మాత్రం…" అంటూ తనే నాలుగు నొక్కింది. మరక వేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ రాసింది: 'రేడియో ఒకటో రకం. మనిషి మంచోడే గాని తొందర.'

"నాలుగు. సాల్దా?"

నాలుగుకి తగ్గితేనే బిళ్ల ఊడుతుందన్న సంగతి ఫణిశంకర్ ఆవిడకి చెప్పనేలేదు.

"చాలమ్మా" అన్నాడు. బిళ్ల మళ్లీ వచ్చి అంచు మీద కూర్చుంది.

తన ఫోను తీసి ఆవిడకి అయిదు నొక్కబోయాడు. లక్ష్మీకుమారి చెయ్యి పట్టుకుంది.

"లాంతరు దొంగకి అయిదిచ్చినదాన్ని, నాకు అయిదేటి? నాలుగు కట్టు."

"అమ్మా, మీకు నాలుగేమిటమ్మా…"

"సరుకు సూసి కట్టమన్నాను. మొహమాటం సూసి కాదు. కట్టు."

కట్టాడు. ఇన్నాళ్ల పాటకచేరిలో అతను ఇంత మనసుపెట్టి నొక్కిన చుక్కలు లేవు.

గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనక్కి పిలిచింది. "బుచ్చమ్మా, నాలుగు చుక్కలంటే మన లెక్కన రెండో బల్లే కదా? బాబుకి రెండో బల్లది ఒక పొట్లం కట్టియ్యి."

ఇంటికెళ్లేసరికి అనుపమ గుమ్మంలోనే పొట్లం అందుకుని, మీదున్న 'రెండో రకం' చీటీ చదివి, విప్పి, ఒక గింజ వెలుగులో తిప్పి చూసింది.

"పలాస దాకా వెళ్లి రెండో రకం తెచ్చారేటండీ? ఒకటో రకం నేదా?"

"ఉంది" అన్నాడు ఫణిశంకర్ చెప్పులు విప్పుతూ. "నేనే ఇంకా ఆ బల్ల దాకా రాలేదు."