మూడు మడతలు

తవిటయ్య చేతికి ఎంత పేరుందో నోటికి అంత పిరికితనం ఉండేది. బతుకుతెరువుకి వలసవచ్చిన హిందీ సీమలో, ఆదిత్యపురంలో లారీలకు ఫైబర్ భాగాలు చేసే షెడ్డులో పదేళ్ళుగా అతనే పెద్ద మేస్త్రీ. మోల్డుకి మైనం రాసి, గాజునార మ్యాట్ పరిచి, రెజిన్ జిగురులో అది గట్టిపడే హార్డెనర్ కలిపి బ్రష్షుతో పట్టించి, రోలరుతో బుడగల్ని తరిమేశాడంటే పీసు మచ్చ లేకుండా ఊడివచ్చేది. ఇంటి దగ్గర మాత్రం భార్య చిలకమ్మ ఏదైనా సూటిగా అడిగితే, ఆవిడకి నచ్చే జవాబు ఏదా అని వెతుక్కునేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, పద్మకుమారి. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. తొమ్మిదో ఏట కూడా ఇనప పట్టీల బూటు ఈడ్చుకుంటూ, బారిడీహ్‌లో ఇంటి నుంచి హిందీ బడికి వెళ్ళేలోపు నాలుగుచోట్ల కూలబడేది. చూసి చూసి, ఎనభై మూడులో ఒక ఆదివారం తవిటయ్య బిడ్డ కాలికి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీశాడు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి కాలి బొమ్మ చేశాడు. ఫోర్‌మన్ గణపతిరావుని అడిగి తెచ్చుకున్న మ్యాట్ ముక్కలతో ఆ బొమ్మమీద తేలికైన తొడుగు చేద్దామని కూర్చున్నాడు.

అప్పుడే చిలకమ్మ వచ్చి ఒక మాట అంది.

"ఎదిగే గుంట కదేటి. కాస్త వదులుగా సెయ్యి. గౌనుకైతే మడత వదలమా?"

నిజమే కదా అనిపించింది. బళ్ళు తెరిచేముందు సాక్చీ బజారులో దర్జీకి ప్రతి తల్లీ చెప్పే మాటే అది. కాలి బొమ్మకి పాత కంబళి మూడు మడతలు చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం బిగించి, దానిమీద తొడుగు చేశాడు. గట్టిపడ్డాక ఆ మూడు మడతల్నీ తొడుగు లోపల అతికించాడు. కాలు ఎదిగేకొద్దీ ఒక్కో మడతా పీకెయ్యడమే. గౌనుకి చెల్లే పద్ధతి ఆ కాలికి చెల్లుతుందా అని అడగాలని మొగుడికీ తోచలేదు, పెళ్ళానికీ తోచలేదు.

పద్మ నడిచింది. పడకుండా బడికి వెళ్ళి వచ్చింది. కుడికాలి బూటు ఆరు నెలల్లో రెండుసార్లు మార్చవలసివచ్చింది. ఎడమకాలి తొడుగులో మాత్రం మూడు మడతలూ అలాగే ఉన్నాయి.

"ఒక మడతైనా తీసీసావా?" నెలనెలా అడిగేది చిలకమ్మ.

"ఇంకా నేదే."

ఆ మాటకి ఆవిడ మొహం వాడిపోయేది. దసరా నాటికి ఆ మొహం చూసే ధైర్యం తవిటయ్యకి చచ్చిపోయింది. ఒక పొద్దున్నే కాలు ఎదిగిందంటూ మడత పీకి ఆవిడ చేతిలో పెట్టాడు. చిలకమ్మ ఆ కంబళి ముక్క పట్టుకుని పక్కింటి నూకమ్మ దగ్గరికి పరుగెత్తింది. మూడు నెలలకి రెండో మడత కూడా పీకేశాడు.

తీశాక తొడుగు లొడలొడలాడుతుంది, పిల్ల పడిపోతుంది, తన బండారం బయటపడుతుంది అనుకున్నాడు. పద్మ పడలేదు. పట్టుకుని ఊపి చూస్తే తొడుగు కదల్లేదు. పైగా ఆ రోజుల్లోనే, కాలికి నూనె నేనే రాసుకుంటాను అని తల్లిని దగ్గరికి రానివ్వడం మానేసింది. పిల్లకి పెద్దరికం వచ్చిందని చిలకమ్మ మురిసిపోయింది. తవిటయ్య మాత్రం తన అబద్ధమే నిజమైపోయిందని నమ్మాడు. కాలు ఎదిగింది! షెడ్డులో ఆ వారమంతా హుషారుగా పని చేశాడు. పెద్ద తొడుగు చెయ్యాలని మళ్ళీ ప్లాస్టర్ తెచ్చుకున్నాడు.

ఆదివారం చిలకమ్మ బజారుకి వెళ్ళాక కూతుర్ని కూర్చోబెట్టాడు. "అభీ నహీ, నాన్నా" అని, ఇప్పుడొద్దంటూ పద్మ కాలు వెనక్కి లాక్కుంది. సిగ్గేమో అనుకుని నవ్వుతూ పట్టీలు విప్పి తొడుగు ఊడదీశాడు, మేజోడు కిందికి లాగాడు.

లోపల చిలకమ్మ పాత చీర పీలికలు. చుట్టు మీద చుట్టు, ముడి మీద ముడి. ముడులు ఒత్తుకున్న చోటల్లా తోలు లేచి, పుండ్లు పడి ఉన్నాయి.

"ఇదేటే తల్లీ?"

పద్మ తలెత్తలేదు. "ఢీలా హో గయా థా. అమ్మా బహుత్ ఖుష్ థీ నా."

వదులైపోయిందట. అమ్మ అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పమంటావని అడుగుతోంది. తవిటయ్య కూతురి పాదం ఒళ్ళో పెట్టుకుని, నోట్లో పైపంచె కొంగు కుక్కుకుని ఏడ్చాడు. తొమ్మిది నిండి పది రాని పిల్ల తన అబద్ధాన్ని అన్నాళ్ళూ పుండ్లతో మోసింది.

తొడుగు ఒరుసుకుందని పెళ్ళానికి చెప్పి, రెండు వారాలు పిల్లని బడి మాన్పించాడు. అదీ అబద్ధమే, కానీ ఆఖరిదని ఒట్టు పెట్టుకున్నాడు. పుండ్లు మానాక కొత్త అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, కాలి బొమ్మని బయటికి తీశాడు. అటక మీంచి పోయినేటి బొమ్మని దించి వసారాలో పక్కన నిలబెట్టాడు. జానతో కొలవనక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. ఒకే మోల్డులోంచి వచ్చిన రెండు పీసుల్లా ఉన్నాయి.

చిలకమ్మ కుళాయి దగ్గర్నించి బిందెతో వచ్చింది. ఈసారి చెప్పేద్దామనే ఉన్నాడు తవిటయ్య. ఆవిడ బిందె దించి, రెండు బొమ్మల్నీ ఆశగా మార్చి మార్చి చూసింది.

"ఈటిలో కొత్తదేదయ్యా?"

తవిటయ్య నోరు తెరిచాడు. ఆవిడకి నచ్చే జవాబు ఈసారి ఎంత వెతికినా దొరకలేదు. నిజం చెప్పే బదులు ప్లాస్టర్ చేతుల్ని పంచెకి తుడుచుకున్నాడు.

పద్మ గోడ పట్టుకుని ఒంటికాలి మీద వచ్చి, రెండు బొమ్మల్నీ వేళ్ళతో తాకి చూసింది. తల్లి ఏమడిగినా హిందీలో జవాబిచ్చే పిల్ల, తల్లికి బాగా అర్థం కావాలని కాబోలు, తెలుగులో చెప్పింది.

"ఇదేనమ్మా. ఇంకా తడిగా ఉంది."