చివరి ఫారం లేని తొలి ప్రతి

నేను ఒక ఫాంటసీ నవలని. ఇంకా నిజం చెప్పాలంటే, చివరి పదహారు పేజీలు లేని ఫాంటసీ నవలని. తప్పు ప్రెస్సువాళ్లదని అందరూ అంటారు గానీ, నా ఫిర్యాదు మాత్రం మా నాన్న మీదే. నాన్నంటే నన్ను రాసినావిడ భర్త, భాస్కరరావుగారు. ఆయన ఒక్క వాక్యం రాయలేదు, ఒక్క పేజీ చదవలేదు. నా పుట్టుకకి ముహూర్తం మాత్రం పెట్టారు.

కాకినాడలో ఒక చిన్న ప్రెస్సు. ఆ ఉదయం ఆయన బైండరు భుజం మీదుగా తొంగిచూస్తూ నిలబడ్డారు.

“పదకొండుంపావుకి వర్జ్యం వచ్చేస్తాదండి. ఈలోగా తొలి ప్రతి నా చేతిలో పడాలి.”

“జిగురైనా ఆరాలి కదండి.”

“ఇంటికొచ్చి ఆరుతాది లెండి.”

పదహారేసి పేజీల మడతని అక్కడ ఫారం అంటారు. బైండరు ఒక కన్ను గడియారం మీదా, ఇంకోటి నాన్న మీదా పెట్టడంతో నా మీద పెట్టడానికి కన్ను మిగల్లేదు. చివరి ఫారం బదులు దాని ముందుదే రెండుసార్లు పెట్టేశాడు. కాబట్టి నాలో ఉప్పుకోట రాణి శాపం వదిలించుకోడానికి సముద్రంలో దూకుతుంది. పదహారు పేజీల తర్వాత మళ్లీ అక్కడే దూకుతుంది. ఆ తర్వాత అట్ట వస్తుంది. వర్జ్యం వెళ్లాక నిదానంగా పుట్టిన నా తోబుట్టువులు రెండువందల తొంభైతొమ్మిది మందిలోనూ ఆవిడ చక్కగా ఒడ్డుకి చేరిందట. నేను చూడలేదు.

ఇంటికి రాగానే నా నాలుగు మూలలకీ పసుపు రాసి, పూజ గూట్లో పెట్టారు. అంత పవిత్రమైనదాన్ని ఎవరు తెరుస్తారు? నా లోపం నాలోనే ఉండిపోయింది.

నన్ను రాసినావిడ హైమవతి. పంపు నీళ్లొచ్చేలోపు దొరికే మధ్యాహ్నపు గంటంపావులో, నాలుగేళ్లపాటు రాసింది. అచ్చయ్యాక అమ్మకం కూడా తన పనేనని తెలిసింది. నా తోబుట్టువొకదాన్ని గుండెలకి ఆనించుకుని ఫొటో దిగి, ఫోనులో ఉన్న గ్రూపులన్నిటికీ పంపింది. నలభై నమస్కారాలు, పాతిక పువ్వులు వచ్చాయి. “చీర ఎక్కడ కొన్నావే?” అని ఆరుగురు అడిగారు. పుస్తకం ఎక్కడ కొనాలని ఒక్కరూ అడగలేదు. మూడు వారాల్లో పదకొండు ప్రతులు కదిలాయి. అందులో ఏడు నాన్న ఆఫీసువాళ్లు కొన్నవి. కొనక చస్తారా, సెలవు చీటీలు ఆయన దగ్గరికే వస్తాయి.

హైమకి కావలసింది పైకం కాదు. తను రాసింది ఎవరైనా చదివి, చదివానని చెప్పడం. అందుకే కింది వాటాలో ఉండే అన్నపూర్ణమ్మగారిని అడిగింది. ఆవిడ ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. సగం ఊరికి ఆవిడ మాటంటే గురి.

“పిన్నిగారూ, నా పుస్తకం గురించి రెండు ముక్కలు రాసిస్తారా?”

“చదవకుండా ఏం రాయనమ్మా? కంటి ఆపరేషనయ్యింది కదా, కొత్త అద్దాలు రానీ. మొదట నీదే చదువుతాను.”

అద్దాలకి ఇంకా నెల. హైమకి ఓపిక లేదు. ఒక మధ్యాహ్నం పూజ గూటి ముందే కూచుని ఫోనులో టైపు చేసింది: “చివరి అధ్యాయం చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదు.” కింద అన్నపూర్ణమ్మగారి పేరు పెట్టి, గ్రూపులన్నిటికీ పంపింది.

“ఆవిడ చూస్తే?” అన్నారు నాన్న.

“ఆవిడకి ఫోనులో ఇవన్నీ తెలీదు. ఎలాగూ చదివాక ఇదే అంటారు లెండి.”

అసలు చివరి అధ్యాయమే లేనిదాన్ని, తలమీద పసుపు పెట్టించుకుని, పక్కనే దేవుడి పటాల మధ్య నిలబడి విన్నాను. దేవుళ్ల సంగతి ఏమో గానీ నాకు మాత్రం సిగ్గుతో అట్ట ముడుచుకుపోయింది.

ఆ కన్నీళ్లకి గిరాకీ బాగానే వచ్చింది. వారంలో ఎనభై ప్రతులు పోయాయి. మిగిలినవి కొట్లకి వెళ్లాయి. సరిగ్గా అప్పుడు, హైమ ఇంట్లో లేని పూట, అన్నపూర్ణమ్మగారు కొత్త అద్దాలతో మెట్లెక్కి వచ్చారు.

“ఏదయ్యా, అమ్మాయి పుస్తకం?”

నాన్న కంగారుగా గూట్లోంచి నన్ను తీసి, కళ్లకద్దుకుని ఇచ్చారు. “తొలి ప్రతండి. శుభం.”

ఆవిడ నన్ను నాలుగు రోజులు చదివారు. అచ్చుతప్పులకి పెన్సిలుతో సున్నాలు చుట్టారు. ఒకచోట పకపకా నవ్వారు. రాణి రెండోసారి దూకగానే వెనక్కి తిప్పారు, ముందుకి తిప్పారు, చివరికి అట్ట కిందేమైనా ఇరుక్కుందేమోనని వేలు పెట్టి చూశారు. అంత శ్రద్ధగా చదివే మనిషికి నా దగ్గర ఇవ్వడానికేమీ లేకపోయింది.

ఆ ఆదివారం సాయంత్రం శాఖా గ్రంథాలయంలో పరిచయ సభ. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. హైమ వేదిక మీద, అన్నపూర్ణమ్మగారు ముందు వరసలో, నేను ఆవిడ ఒళ్లో. గ్రంథాలయాధికారి మైకు అందుకుని, “మన అన్నపూర్ణమ్మగారే అన్నారండి, చివరి అధ్యాయం చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదని!” అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆవిడ నన్ను పట్టుకుని లేచారు.

“నేనెప్పుడన్నానమ్మా హైమా? నా చేతిలో ఉన్న పుస్తకానికి చివరి అధ్యాయమే లేదు. మరి ఏం చదివి ఏడ్చానంటావు?”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“రాణి దూకేదాకా నాకు చాలా నచ్చింది. ఆ మాట చెబుదామనే మోకాళ్ల నొప్పులతో ఇంతదూరం వచ్చాను. నన్ను చెప్పనివ్వకపోయావే.”

నాన్న వెనక వరసలోంచి గబుక్కున లేచారు. “బైండింగు తప్పండి! ప్రెస్సువాడిదండి! మేడంగారు వేరే ప్రతి చదివుంటారు, మర్చిపోయుంటారు.”

సభ అంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పెద్దావిడ, మరుపు సహజం. అన్నపూర్ణమ్మగారు అద్దాలు తీసి తుడుచుకుంటూ, నిజంగానే మర్చిపోయానా అన్నట్టు నా వైపు చూశారు. హైమ ఊరుకుంటే చాలు, అంతా సర్దుకుంటుంది.

హైమ దిగివచ్చి నన్ను అందుకుంది. పుట్టాక మొదటిసారి తెరిచి చూసింది. రాణి ఒకసారి, మళ్లీ ఒకసారి, ఆ తర్వాత అట్ట. మూసి, మైకు లేకుండానే అందరికీ వినబడేలా చెప్పింది.

“పిన్నిగారు ఏమీ మర్చిపోలేదండి. ఆవిడ చదవకముందే ఆ మాటలు నేను రాసి, ఆవిడ పేరు పెట్టాను. బైండింగుది కాదు, తప్పు నాది.”